ఒకే గిన్నెకు రెండు పనులు

వంటకు ఏ లోహం మంచిది? పాత్రల దుకాణంలో అడుగుపెట్టిన వాళ్లందరి నోటా వచ్చే ప్రశ్న ఇది. రాగి అంటారు ఒకరు, ఇనుము అంటారు ఇంకొకరు, స్టీలు తప్ప దేన్నీ పొయ్యిమీదికి ఎక్కించవద్దంటారు మరొకరు. ఒక్క ప్రశ్నకు ఇన్ని జవాబులు రావడానికి కారణం ప్రశ్నలోనే ఉంది. గిన్నె ఒకటే అయినా అది చేయవలసిన పనులు రెండు. బయటివైపు అది మంటను భరించాలి, ఆ వేడిని అడుగంతటా సమంగా పరిచి లోపలికి అందించాలి. లోపలివైపు పులుపునూ ఉప్పునూ పాలనూ గంటల తరబడి భరించాలి, తనలోని లోహాన్ని కూరలోకి వదలకుండా ఉండాలి. మొదటి పనిలో ఆరితేరిన లోహాలు రెండో పనిలో ఓడిపోతాయి. రెండో పనిలో నిలబడేవి మొదటి పనిలో మొరాయిస్తాయి. వెండి ఈ రెండింటినీ చక్కగా చేయగలదు గానీ వెండి తపేలాలో చారు కాచుకునే స్తోమత ఎంతమందికి ఉంటుంది? మామూలు ధరకు దొరికే లోహాల్లో ఒంటరిగా రెండు పనులూ నెగ్గుకొచ్చేది లేదు. కాబట్టి లోహం పేరు చూసి గిన్నె కొనడం మానుకోవాలి. ఏ వంట కోసం కొంటున్నాం, ఆ వంటకు తగిలే లోపలి పొర ఏమిటి అని చూసి కొనాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దానికి సాక్ష్యం.

ముందు బయటి పని సంగతి. లోహం వేడిని ఎంత చురుగ్గా ప్రవహింపజేస్తుందో ఉష్ణవాహకత చెబుతుంది. దాన్ని ఒక మీటరుకు, ఒక డిగ్రీకి ఇన్ని వాట్లు అని కొలుస్తారు. ఆ లెక్కలో రాగి విలువ సుమారు 400, అల్యూమినియానిది 235, ఇత్తడిది 110 నుంచి 120, పోత ఇనుముది 50 చిల్లర. మన ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే స్టెయిన్‌లెస్ స్టీలుకు 15 మాత్రమే. అంటే రాగికీ స్టీలుకూ మధ్య తేడా ఇరవై అయిదు రెట్లకు పైమాటే. దీని వెనక ఆసక్తికరమైన కారణం ఉంది. లోహంలో వేడిని ప్రధానంగా మోసుకుపోయేవి స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు. శుద్ధమైన లోహంలో పరమాణువులన్నీ ఒకే జాతివి కావడంతో వాటి దారి సాఫీగా ఉంటుంది. పరాయి పరమాణువులు కలిస్తే ఎలక్ట్రాన్లు వాటికి తగిలి చెల్లాచెదురవుతాయి. శుద్ధమైన ఇనుముకు 80 దాకా ఉన్న వాహకత, అందులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిపి స్టీలు చేసేసరికి 15కు పడిపోయేది ఇందుకే. ఇనుముకు తుప్పు పట్టకుండా కాపాడుతున్న మిశ్రమమే దానిలో వేడి నడకను అడ్డగిస్తోంది. రెండు పనులకూ ఒకే లోహం ఎందుకు చాలదో ఈ ఒక్క ఉదాహరణతో తెలిసిపోతుంది.

అయితే వాహకత అన్ని వంటల్లోనూ ఒకేలా లెక్కకు రాదు. చారు కాచేటప్పుడు అడుగున వేడెక్కిన నీళ్లు పైకి లేస్తాయి, పైనున్న చల్లని నీళ్లు కిందికి దిగుతాయి. వేడిని గిన్నె అంతటా పంచే పని నీళ్లే చూసుకుంటాయి. నీళ్లున్నంతసేపూ అడుగు వేడి వంద డిగ్రీలను పెద్దగా దాటదు. అలాంటి వంటకు రాగి గిన్నె అయినా పలచటి స్టీలు గిన్నె అయినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. ఉప్మా, పులిహోర పులుసు, కోవా, హల్వా లాంటి చిక్కటి వంటల సంగతి వేరు. అక్కడ కదిలే నీళ్లు లేవు. గ్యాస్ బర్నరు మంట వలయాకారంలో తగులుతుంది. పలచటి స్టీలు ఆ వేడిని పక్కలకు పాకించలేక తగిలినచోటనే ఉంచేస్తుంది. అందుకే స్టీలు గిన్నెలో మాడిన ఉప్మాను గీకి చూస్తే అడుగున బర్నరు ఆకారమే నల్లటి వలయంగా కనిపిస్తుంది. అదే మంట మీద మందపాటి అల్యూమినియం గిన్నె పెడితే వేడి అడుగంతా పరుచుకుంటుంది, అడుగంటడం బాగా తగ్గుతుంది.

దోసె పెనం దగ్గర ఇంకో గుణం ముందుకొస్తుంది, అది వేడిని దాచుకునే శక్తి. చిన్న లెక్క వేద్దాం. ఒక దోసెకు 80 గ్రాముల పిండి అనుకుంటే, దాన్ని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 20 కిలోజూళ్ల వేడి కావాలి. పిండి పడ్డ తొలి క్షణాల్లో మంట నుంచి వచ్చేది తక్కువ, కాబట్టి ఈ వేడిలో చాలా భాగం పెనం తన నిల్వలోంచే ఇవ్వాలి. మొత్తం పెనమే ఇచ్చిందనుకుందాం. రెండు కిలోల పోత ఇనుప పెనం ఒక్క డిగ్రీ చల్లబడితే 0.92 కిలోజూళ్లు వదులుతుంది. అంటే 20 కిలోజూళ్లు ఇచ్చేసరికి అది 22 డిగ్రీలు చల్లబడుతుంది. 200 డిగ్రీల దగ్గరున్న పెనం 178కి దిగుతుందన్నమాట. అక్కడ దోసె ఎర్రగా కాలడానికి ఇబ్బంది లేదు. 400 గ్రాముల పలచటి అల్యూమినియం పెనం డిగ్రీకి ఇచ్చేది 0.36 కిలోజూళ్లే కాబట్టి అది 55 డిగ్రీలకు పైగా చల్లబడి 145 దగ్గరికి వచ్చేస్తుంది. ఆహారం ఎర్రబడి కమ్మటి వాసన పుట్టే చర్య చురుగ్గా జరగడానికి సుమారు 140 డిగ్రీలు దాటాలి. ఇది ఆ అంచు మీదికి వచ్చి నిలబడింది, దోసె పాలిపోతుంది. ఇనుప పెనం గొప్పదనం ఇనుములో ఉందని అందరూ అనుకుంటారు. నిజానికి కిలోకు కిలో చూస్తే ఇనుము కన్నా అల్యూమినియమే దాదాపు రెండింతల వేడిని దాచుకుంటుంది. కిలో బరువున్న మందపాటి అల్యూమినియం పెనం రెండు కిలోల ఇనుప పెనంతో సమానంగా నిలుస్తుంది. దోసెను కాల్చేది పెనం బరువు. దుకాణంలో లోహం పేరు అడిగే ముందు గిన్నెను చేత్తో ఎత్తి చూడమనేది ఇందుకే.

ఇక లోపలి పని. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే ఉంది, ఎందుకంటే తెలుగువారి వంట పులుపు వంట. చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం. గోంగూరలో, టమాటాలో, మామిడికాయలో, మజ్జిగలో వేరే ఆమ్లాలు ఉంటాయి. అల్యూమినియం నిజానికి చాలా చురుకైన లోహం. గాలి తగిలిన మరుక్షణం దాని ఉపరితలం మీద మిల్లీమీటరులో లక్షో వంతు కూడా లేని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ పొర వల్లనే అది గిన్నెగా పనికొస్తోంది. ఆ పొర పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 దాకా ఉన్న ద్రవాల్లో నిలకడగా ఉంటుంది. అన్నం, పప్పు, కూరగాయలు చాలావరకు ఆ హద్దుల్లోనే ఉంటాయి. చిక్కటి చింతపండు పులుసు ఆ హద్దు దాటుతుంది, ఉప్పు తోడైతే పొర ఇంకా త్వరగా చెడుతుంది. దీన్ని చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. నీళ్లు కాచి కాచి లోపల నల్లబడిన అల్యూమినియం గిన్నెలో ఒకసారి పులుసు మరిగిస్తే గిన్నె తోమినట్టు తళతళలాడుతుంది. ఆ నలుపు, దానితో పాటు పై పొర, పులుసులోకి వెళ్లిపోయాయి. గిన్నె మెరిసిందని సంతోషించే చోట కూర సంగతి ఆలోచించాలి.

ఈ మాట వినగానే మతిమరుపు జబ్బు భయం ముందుకొస్తుంది. అల్యూమినియం పాత్రల్లో వండితే అల్జీమర్స్ వస్తుందన్న నమ్మకం దశాబ్దాలుగా నడుస్తోంది. దాని మూలం 1965లో కుందేళ్ల మెదడులోకి అల్యూమినియం లవణాలను నేరుగా ఎక్కించి చేసిన ప్రయోగాలు. ఆ మెదళ్లలో కనిపించిన చిక్కుముడులు అల్జీమర్స్ రోగుల్లో కనిపించేవాటి లాంటివి కావని తర్వాత తేలింది. 1970లలో డయాలసిస్ చేయించుకునే కొందరు రోగులకు మెదడు జబ్బు రావడానికి దానికి వాడిన నీళ్లలోని అల్యూమినియం కారణమైన మాట నిజమే. కానీ అక్కడ అది పేగులను తప్పించుకుని నేరుగా రక్తంలో కలిసింది. నోటి ద్వారా వెళ్లిన అల్యూమినియంలో ఒక శాతం కన్నా తక్కువే ఒంటికి పడుతుంది, దాన్ని కూడా ఆరోగ్యవంతమైన మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2011లో పెట్టిన హద్దు ప్రకారం 60 కిలోల మనిషికి వారానికి 120 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదు. కడుపు మంటకు వేసుకునే యాంటాసిడ్ మాత్రల్లో కొన్నింటిలో ఒక్కోదానిలోనే పదుల మిల్లీగ్రాములు ఉంటుంది. కాబట్టి అల్యూమినియం కుక్కరులో అన్నం వండుకునేవారు భయపడవలసిన పని లేదు. అంతమాత్రాన పులుసు కాచి రాత్రంతా అందులోనే ఉంచడం తెలివైన పనీ కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, పసిపిల్లలు ఉన్న ఇళ్లలో అది అసలే వద్దు.

రాగి, ఇత్తడిని చూద్దాం. ఈ మధ్య వీటికి మళ్లీ ఆదరణ పెరిగింది. మన పూర్వీకులు ఇత్తడి గుండిగల్లో వండుకుని నూరేళ్లు బతికారు కదా అన్నది వీటి తరఫున వినిపించే వాదన. ఇందులో సగం నిజం ఉంది, ప్రమాదకరమైన సగం మరుగున పడింది. పూర్వీకులు వండింది ఒట్టి ఇత్తడిలో కాదు, కళాయి పూసిన ఇత్తడిలో. గిన్నెను బొగ్గుల కొలిమి మీద తిప్పుతూ కాల్చి, నవసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొడి రాగి మీది ఆక్సైడును తినేసి ఉపరితలాన్ని శుభ్రం చేస్తుంది. అప్పుడు తగరపు కడ్డీని తాకిస్తే అది 232 డిగ్రీలకే కరిగి పాకుతుంది. దాన్ని దూదితో ఒక్క ఊపున గిన్నె లోపలంతా తుడిచేస్తారు. మిగిలేది వెండిలా మెరిసే పలచటి తగరం పొర. పులుపును అంతగా లెక్కచేయని తగరం లోపలి పని చూసుకుంటుంది, వేడిని బాగా పంచే రాగి బయటి పని చూసుకుంటుంది. ఇదే సూత్రం మీద ఇప్పుడు ట్రైప్లై పాత్రలు తయారవుతున్నాయి. వాటిలో లోపల స్టీలు, మధ్యలో అల్యూమినియం, బయట అయస్కాంతానికి అంటుకునే స్టీలు ఉంటాయి. కళాయివాళ్లు తరతరాలుగా చేస్తున్న పనినే కర్మాగారం ఇంకో లోహంతో చేస్తోంది.

కళాయి లేని రాగి, ఇత్తడి ఏం చేయగలవో చెప్పడానికి ఒక విషాదమైన సాక్ష్యం మన దేశంలోనే ఉంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు కాలేయం గట్టిపడి ప్రాణం తీసే జబ్బు ఒకటి ఇరవయ్యో శతాబ్దంలో మన దేశంలో ఎంతోమంది పసివాళ్లను బలిగొంది. దానికి వైద్యులు పెట్టిన పేరే ఇండియన్ చైల్డ్‌హుడ్ సిరోసిస్. ఆ పిల్లల కాలేయాల్లో రాగి విపరీతంగా పేరుకుని ఉండేది. ఆ పిల్లల్లో చాలామందికి చాలా చిన్న వయసు నుంచే గేదె పాలో ఆవు పాలో పట్టారనీ, వాటిని కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో కాచి నిలవ ఉంచారనీ పుణె వైద్యులతో కలిసి టానర్ అనే పరిశోధకుడి బృందం చేసిన పరిశీలనను 1983లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. పాలు పుల్లగా ఉండవు కదా అనిపిస్తుంది. కానీ పాలలోని కేసీన్ అనే ప్రోటీను రాగిని గట్టిగా పట్టుకుంటుంది. పసివాళ్ల కాలేయానికి ఆ రాగిని పైత్యరసం ద్వారా బయటికి పంపే శక్తి పెద్దవాళ్లకు ఉన్నంతగా ఉండదు. ఈ పిల్లల్లో జన్యులోపం కూడా ఉండి ఉంటుందన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. ఇలాంటి జబ్బే ఆస్ట్రియాలోని టైరోల్ ప్రాంతంలో 1900 నుంచి 1974 వరకు 138 మంది చిన్నపిల్లలకు వచ్చినట్టు నమోదైంది. అక్కడా రాగి పాత్రలో కాచిన ఆవు పాలు, అక్కడా వారసత్వ లక్షణం కనిపించాయి. అయితే రెండు చోట్లా పాత్ర మారాక జబ్బు దాదాపు మాయమైంది. జన్యువులు మారలేదు, గిన్నె మారింది. పూర్వపు అలవాట్లన్నీ ఆరోగ్యకరమని ప్రచారం చేసేవారు ఈ పిల్లలను గుర్తుంచుకోవాలి.

రాగి చెంబులో రాత్రి పోసిన నీళ్లు తాగే అలవాటును దీనితో ముడిపెట్టనక్కర్లేదు. మంచినీళ్లలోకి దిగే రాగి సాధారణంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లీటరుకు 2 మిల్లీగ్రాముల హద్దు లోపే ఉంటుంది, కొన్ని రకాల బాక్టీరియాను చంపుతుంది కూడా. అదే చెంబులో మజ్జిగో నిమ్మరసమో పోస్తే లెక్క తారుమారవుతుంది.

ఇనుముది ఇంకో దారి. లోహం కూరలోకి దిగడం ఇక్కడ చాలామందికి మేలు చేస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ అది సగానికి పైనే. ఇథియోపియాలో ఇనుప కుండల్లో వండిన తిండి తిన్న పిల్లలకు, అల్యూమినియం కుండల్లో వండింది తిన్నవారి కన్నా హిమోగ్లోబిన్ ఎక్కువగా పెరిగిందని 1999లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం తెలిపింది. పుల్లటి వంటలోకి ఇనుము ఎక్కువగా దిగుతుంది. దాంతో పాటే కూర నల్లబడుతుంది, లోహపు రుచి వస్తుంది. అందుకే ఇనుప మూకుడులో వేపుళ్లు, తాలింపులు, కాస్త పులుపున్న టమాటా కూర వండుకుని వెంటనే వేరే గిన్నెలోకి తీసేయడం మధ్యేమార్గం. మూకుడులో వండితే రక్తహీనత మాత్రలు మానేయవచ్చని మాత్రం అనుకోకూడదు. థలసీమియా లాంటి జబ్బుల వల్ల ఒంట్లో ఇనుము పేరుకునేవారు డాక్టరును అడక్కుండా ఈ పని చేయకూడదు.

స్టీలు లోపలి పనిలో మిగతావాటి కన్నా చాలా మెరుగు. అందులోని క్రోమియం తనంతట తాను ఆక్సైడు పొర కట్టుకుంటుంది, గీత పడినా ఆ పొర మళ్లీ ఏర్పడుతుంది. టమాటా రసం గంటల తరబడి ఉడికిస్తే కొత్త స్టీలు గిన్నెలోంచి కొంత నికెల్, క్రోమియం దిగుతాయి గానీ నాలుగైదు వంటలయ్యాక అది బాగా తగ్గిపోతుంది. నికెల్ అలర్జీ ఉన్నవారు తప్ప మిగతావారు పట్టించుకోనక్కర్లేదు. కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడటం చాలామందికి అలవాటు. అంటుకోకపోతే మేలురకం అనుకుంటారు. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చవక రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు. కాబట్టి ఆ పరీక్ష ఇండక్షన్ పొయ్యికి గిన్నె పనికొస్తుందో లేదో చెబుతుంది తప్ప స్టీలు నాణ్యతను చెప్పదు. గిన్నె మీద 304 అనో 18/8 అనో ముద్ర, దానితో పాటు ఐఎస్ఐ గుర్తు ఉన్నాయా అన్నది చూడాలి.

ఇంతవరకు మనం పేర్లు తెలిసిన లోహాల గురించి మాట్లాడుకున్నాం. అసలు భయపడవలసింది పేరు చెప్పకుండా గిన్నెలోకి చేరే సీసం గురించి. పాత ఇంజిన్ భాగాలు, రేడియేటర్లు, ఎలక్ట్రానిక్ తుక్కు కలిపి కరిగించి పోతపోసిన అల్యూమినియం పాత్రల్లో సీసం ఉండే అవకాశం ఉంది. భారత్ సహా పది దేశాల నుంచి తెచ్చిన 42 పాత్రలను పరీక్షించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు మూడో వంతు పాత్రలు ప్రమాదకరమైన మోతాదులో సీసం వదిలేలా ఉన్నాయని తేలింది. 2025లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దిగుమతైన కొన్ని ఇత్తడి, అల్యూమినియం, హిండాలియం (ఒక అల్యూమినియం మిశ్రమం) పాత్రల గురించి ఇదే హెచ్చరిక చేసింది. ఊరి నుంచి మూకుళ్లు, గిన్నెలు సూట్‌కేసులో పెట్టుకుపోయే ప్రవాస తెలుగువారికి ఇది నేరుగా వర్తిస్తుంది. వదిలేది అతి కొంచెం కదా అన్న మాట సీసం విషయంలో చెల్లదు. పిల్లల మెదడుకు సీసం ఎంత తక్కువైనా సురక్షితమని చెప్పగల హద్దు లేదు. కళాయి తగరంలో సీసం కలిస్తే కూడా ఇదే ముప్పు, కాబట్టి కళాయి వేయించేవారు శుద్ధ తగరం వాడమని గట్టిగా అడగాలి. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు ఐఎస్ఐ గుర్తును తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. తూకానికి అమ్మే పేరులేని పోత గిన్నెలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు.

నాన్‌స్టిక్ గురించి రెండు మాటలు చాలు. అది కూడా లోపలి పనిని వేరే పదార్థానికి అప్పగించిన ఏర్పాటే. ఆ పూత 260 డిగ్రీలు దాటాక చెడటం మొదలవుతుంది, 350 దాటితే హానికరమైన పొగలు వదులుతుంది. ఖాళీ పెనం పెద్ద మంట మీద కొద్ది నిమిషాల్లోనే అంత వేడెక్కగలదు. సన్నమంట, చెక్క గరిట వాడేవారికి ఇబ్బంది లేదు. పూత లేచిన పెనాన్ని తీసేయాలి. పులుసుకు మాత్రం లోహమే అక్కర్లేని పాత జవాబు ఒకటి ఉంది, అది బలపపు రాతితో చెక్కిన రాచిప్ప. దానికి పులుపు తగిలినా ఏమీ కాదు, దించాక కూడా పులుసు చాలాసేపు మరుగుతూనే ఉంటుంది.

ఒక వంటింటికి గిన్నెలు ఎన్ని రకాలు కావాలో ఇప్పుడు చెప్పడం కష్టం కాదు. దోసెకు బరువైన ఇనుప పెనం, వేపుళ్లకు ఇనుప మూకుడు, చిక్కటి వంటలకు మందపాటి అడుగున్న ట్రైప్లై గిన్నె, పులుసులకు స్టీలు గాని రాచిప్ప గాని, అన్నం పప్పులకు ఐఎస్ఐ గుర్తున్న కుక్కరు ఉంటే సరిపోతుంది. ఇత్తడి మీద మమకారం ఉన్నవారు నిక్షేపంగా వాడుకోవచ్చు, కళాయి అరిగి కింది పచ్చటి లోహం బయటపడిన రోజున మాత్రం ఆ గిన్నెను పొయ్యి దించి మళ్లీ కళాయి వేయించాలి. ఇవన్నీ ఒకేసారి మార్చడం అందరికీ సాధ్యం కాదు. ఒక్క మార్పే చేయగలిగితే అది చంటిపిల్లల పాల గిన్నెతో మొదలుపెట్టండి. పిల్లల పాలు స్టీలు గిన్నెలోనే కాయండి, స్టీలు గిన్నెలోనే ఉంచండి.